పరీక్షల్లో కనిపించని కడుపునొప్పి: ఐబీఎస్ అంటే ఏమిటి?

ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షల్లో ఏ లోపమూ కనిపించకపోయినా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలు లేదా మలబద్ధకం కొందరిని నెలల తరబడి వేధిస్తాయి. వైద్యులు వీటిని క్రియాత్మక జీర్ణకోశ రుగ్మతలుగా వర్గీకరిస్తారు. వాటిలో ప్రధానమైనది ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. దీనినే క్లుప్తంగా ఐబీఎస్ అంటారు.

కారణాలు
పేగు గోడల్లోని కోట్లాది నాడీకణాలకూ మెదడుకూ మధ్య సంకేతాలు నిరంతరం సాగుతుంటాయి. ఈ సమన్వయం దెబ్బతింటే పేగుల కదలిక గతి తప్పుతుంది. సాధారణ వాయువు ఒత్తిడి సైతం నొప్పిగా అనుభవమవుతుంది. కొందరిలో ఇది తీవ్రమైన విరేచనాల వ్యాధి తగ్గిన తరువాత మొదలవుతుంది. మానసిక ఒత్తిడి లక్షణాలను పెంచుతుంది. అంతమాత్రాన ఆ బాధను ఊహగా కొట్టిపారేయరాదు.

నిర్ధారణ
2016 నాటి రోమ్-4 ప్రమాణాల ప్రకారం లక్షణాలు కనీసం 6 నెలల క్రితం మొదలై, గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. నొప్పికి మలవిసర్జనతో సంబంధం, విసర్జనల సంఖ్యలో మార్పు, మలం రూపంలో మార్పు అనే మూడింటిలో కనీసం రెండు కనిపించాలి.

ప్రమాద సూచికలు
మలంలో రక్తం, అకారణంగా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్ర నుంచి లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక తొలిసారి లక్షణాలు కనిపించడం వంటివి ఉంటే ఐబీఎస్ అని సరిపెట్టుకోరాదు. వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి.

చికిత్స
ఇసబ్‌గోల్ వంటి కరిగే పీచు, లక్షణాలను బట్టి మందులు, అవసరమైతే మానసిక చికిత్స ఉపకరిస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు వంటివాటిని డైటీషియన్ పర్యవేక్షణలో కొద్ది వారాలు మాని, ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుతూ సరిపడనిదాన్ని గుర్తించవచ్చు. ఐబీఎస్ పేగు క్యాన్సర్‌గా మారదు. ఈ విషయం తెలిస్తే రోగికి సగం భయం తీరుతుంది.