బ్రిడ్జ్‌పోర్ట్ కొయ్య వంతెన

బ్రిడ్జ్‌పోర్ట్ వంతెన అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో సౌత్ యూబా నదిపై ఉన్న చారిత్రక కొయ్య వంతెన. దీనిని 1862లో నిర్మించారు. పైకప్పు, పక్క గోడలు కలిగి, నది మధ్య ఒక్క స్తంభం కూడా లేకుండా ఒడ్డు నుండి ఒడ్డుకు ఒకే అంగలో సుమారు 208 అడుగుల (63 మీటర్ల) దూరాన్ని దాటడం దీని విశేషం. ఇది నెవాడా కౌంటీలో ఉన్నది. ఈ కౌంటీ కాలిఫోర్నియాలోనిది. పొరుగునున్న నెవాడా రాష్ట్రం వేరు.

చరిత్ర

1859లో నేటి నెవాడా రాష్ట్రంలోని వర్జీనియా సిటీ వద్ద కామ్‌స్టాక్ అనే గొప్ప వెండి నిక్షేపం బయటపడింది. కొద్ది కాలంలోనే అక్కడ వేలాది జనం చేరారు. వారికి కావలసిన ఆహారం, యంత్రాలు, పనిముట్లు కాలిఫోర్నియా నుండే వెళ్ళవలసి వచ్చేది. శాన్‌ఫ్రాన్సిస్కో నుండి సరుకు ఆవిరి పడవలలో మేరీస్‌విల్ పట్టణం వరకు చేరేది. అక్కడ నుండి కంచర గాడిదలు లాగే బరువు బండ్లపై సియెర్రా నెవాడా పర్వతాలను దాటించేవారు. ప్రయాణికులు స్టేజికోచ్ అనే గుర్రపు బండ్లలో వెళ్ళేవారు. మజిలీ మజిలీకి గుర్రాలను మార్చుతూ నడిపే బండ్లు ఇవి.

1861-62 శీతాకాలంలో కాలిఫోర్నియాను ముంచెత్తిన మహా వరదలో ఈ ప్రాంతపు వంతెనలు అనేకం కొట్టుకుపోయాయి. ఆ ఏడాదే వర్జీనియా టర్న్‌పైక్ కంపెనీ తన 14 మైళ్ళ సుంకపు బాటలో భాగంగా ఈ వంతెనను కట్టించింది. నిర్మాణకర్త డేవిడ్ వుడ్. కలపను సియెర్రా కౌంటీలోని ప్లమ్ వ్యాలీలో ఉన్న అతని కోత మిల్లు నుండి తెచ్చారు. దాటే ప్రతి బండికీ, పశువుకూ సుంకం వసూలు చేసేవారు.

ఈ వైభవం ఎక్కువ కాలం నిలువలేదు. 1868లో సెంట్రల్ పసిఫిక్ రైలు మార్గం రెనో పట్టణం వరకు చేరడంతో వెండి గనులకు వెళ్ళే సరుకు రైలెక్కింది. ఆ తరువాత బాట ప్రధానంగా శాన్‌వాన్ రిడ్జ్ ప్రాంతపు బంగారు గనుల ఊళ్ళకు ఉపయోగపడింది. నీటి ధారలతో కొండలను కోసి బంగారం తీసే పద్ధతిని 1884లో న్యాయస్థానం కట్టడి చేయడంతో ఆ రాకపోకలు కూడా తగ్గాయి. వంతెన మాత్రం స్థానిక వాహనాలకు 1972 వరకు ఉపయోగపడింది.

నిర్మాణం

ఇందులో రెండు పద్ధతులు కలిసి ఉన్నాయి. మొదటిది విలియం హోవ్ 1840లో పేటెంటు పొందిన ట్రస్. ఇందులో ఏటవాలు కొయ్య దూలాలు నొక్కుడు బలాన్ని, నిలువు ఇనుప కడ్డీలు లాగుడు బలాన్ని భరిస్తాయి. కలప ఎండి బిగువు సడలినప్పుడు కడ్డీల మరలను తిప్పి మళ్ళీ బిగించవచ్చు. రెండవది థియోడర్ బర్ ప్రచారంలోకి తెచ్చిన కమాను. ఇక్కడ ప్రతి ప్రక్కా ట్రస్‌కు తోడుగా ఒక పెద్ద కొయ్య కమాను బరువును రాతి దిమ్మెలకు చేరవేస్తుంది. ఈ కమాను వంపు బయటి నుండి చూసినా స్పష్టంగా కనబడుతుంది. ప్రధాన దూలాలు డగ్లస్ ఫర్ జాతి కలపవి. పైకప్పునకు, గోడలకు షుగర్ పైన్ చెక్క పెంకులు కప్పారు.

పైకప్పు ప్రయాణికుల సౌకర్యం కోసమని చాలామంది భావిస్తారు. నిజానికి అది వంతెన కోసమే. వాననీరు దూలాల అతుకులలో నిలిస్తే కలప కుళ్ళిపోతుంది. కప్పులేని కొయ్య వంతెనలు సాధారణంగా కొద్ది దశాబ్దాలకే శిథిలమవుతాయి. చవకైన పెంకులు పాడైనప్పుడల్లా మార్చుకుంటూ ఉంటే విలువైన దూలాలు శతాబ్దానికి పైగా నిలుస్తాయి.

ముప్పు, పునరుద్ధరణ

ఈ వంతెన 1971లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేరింది. గుర్తింపు లభించినంత మాత్రాన ముప్పు తప్పలేదు. 1997 జనవరి వరదలో కొట్టుకువచ్చిన దుంగ తగిలి వంతెన దెబ్బతిన్నది. కాలక్రమంలో దూలాలు బలహీనపడి నిర్మాణం వంగిపోయింది. కూలే ప్రమాదం ఉందని తేలడంతో 2011లో పాదచారులను కూడా నిలిపివేశారు.

అదే సంవత్సరం ఆగస్టు 28న, ఐరీన్ తుఫాను తెచ్చిన వరదలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఓల్డ్ బ్లెన్‌హైమ్ వంతెన కొట్టుకుపోయింది. 1855 నాటి ఆ కొయ్య వంతెన అంగ సుమారు 210 అడుగులు. అత్యంత పొడవైన ఒకే అంగ ఏ వంతెనదన్న విషయంలో అంతవరకు ఈ రెండింటికీ పోటీ ఉండేది. దీనితో మిగిలిన పురాతన వంతెనలలో ఆ స్థానం బ్రిడ్జ్‌పోర్ట్‌కు దక్కింది. దానిని కాపాడవలసిన అవసరమూ పెరిగింది.

ముందుగా తాత్కాలిక ఆధారాలతో వంతెనను నిలబెట్టారు. తరువాత పూర్తి స్థాయి పునరుద్ధరణ చేపట్టి పాడైన దూలాలను తీసి కొత్త కలపను అమర్చారు. పనులు పూర్తయ్యాక 2021లో వంతెనను పాదచారులకు తిరిగి తెరిచారు. కలప మారినా 1862 నాటి నిర్మాణ పద్ధతి, ఆకృతి, స్థలం అలాగే ఉన్నాయి.

వంతెన సౌత్ యూబా నది రాష్ట్ర ఉద్యానవనంలో భాగంగా ఉన్నది.