నిల్వల ఖచ్చితత్వం

నిల్వల ఖచ్చితత్వం అనగా గిడ్డంగిలో లేదా కర్మాగారంలో వాస్తవంగా ఉన్న సరుకు, స్టాకు రిజిస్టరులోని లెక్కతో ఎంతవరకు సరిపోలుతున్నదో తెలిపే కొలమానం. లెక్కించిన 100 పద్దులలో 93 సరిపోలినచో ఖచ్చితత్వం 93 శాతం.

ప్రాముఖ్యత

మొత్తం సరిపోయినంత మాత్రాన లెక్క సరియైనదని చెప్పలేము. ఉదాహరణకు హైదరాబాదు ఆబిడ్స్‌లోని ఒక బట్టల దుకాణంలో ఒక సైజు చొక్కాలు 10 తగ్గి, మరొక సైజువి 10 పెరిగినచో మొత్తం మారదు, కాని రెండు పద్దులూ తప్పే. లేని సరుకు ఉన్నట్లు రిజిస్టరు చూపితే దానిని మరల తెప్పించరు; కొనవచ్చినవారు వెనుదిరుగుతారు. కర్మాగారంలో ఒక్క విడిభాగం లేకున్నా ఉత్పత్తి ఆగిపోవచ్చు.

కారణాలు

లెక్కింపు పొరపాట్లు, దొంగతనం, నమోదు కాని బదిలీలు ముఖ్య కారణాలు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా జరిగే నుమాయిష్ స్టాలుకు గోదాము నుండి పంపిన సరుకును వెంటనే రాయకపోతే రెండుచోట్లా లెక్క తప్పుతుంది. అమెరికాలోని ఒక చిల్లర వర్తక సంస్థకు చెందిన సుమారు 3,70,000 పద్దులలో 65 శాతం తప్పులని నికోల్ డిహొరేషియస్, అనంత్ రామన్ 2008లో ప్రచురించిన పరిశోధన తెలిపింది.

మెరుగుపరచే పద్ధతులు

సంవత్సరాంతపు లెక్కింపు తేడాను చూపుతుంది, కాని అప్పటికి కారణం దొరకడం కష్టం. సైకిల్ కౌంటింగు పద్ధతిలో రోజూ కొన్ని సరుకులను, విలువైనవాటిని మరింత తరచుగా లెక్కిస్తారు. తేడా కనబడినపుడు రిజిస్టరును సవరించడంతో సరిపెట్టక కారణాన్ని వెదకి తొలగించడమే దీని ఉద్దేశము. బార్‌కోడు రాతలోని తప్పులను తగ్గిస్తుంది. అతికించిన చీటీయే తప్పైతే ఉపయోగపడదు.

భారతదేశంలో 2020 నాటి కంపెనీల ఆడిటరు నివేదిక ఉత్తర్వు వర్తించే కంపెనీలలో, ఏ తరగతి నిల్వలోనైనా 10 శాతం లేదా అంతకు మించిన తేడా బయటపడినచో ఆడిటరు దానిని నివేదికలో పేర్కొనవలెను.