ఆట చరిత్ర కూడా మన చరిత్రే: బొల్లారం పక్క అమ్ముగూడ నుంచి మన గూడెం దాకా



మన హాస్టళ్లలో చరిత్ర పుస్తకం తెరిస్తే రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు. ఆటలు మాత్రం జీకే బుక్కులో ఉంటయి. కప్పు పేరు, ఏడాది, గెలిచిన జట్టు, అంతే. ఆడినోడు ఎక్కడినుంచి వచ్చిండు, ఆట అయిపోయినంక ఏమైండు అన్నది ఎవరూ చెప్పరు. అసలు ఆటను చరిత్రగా చదవొచ్చా? చదవొచ్చని చూపించిన ఒక చరిత్రకారుడి గురించి ఈ పోస్టు. మొదలు మాత్రం మన దగ్గరి బొల్లారం నుంచి పెడదాం.

సికింద్రాబాద్ 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఏర్పడిన కంటోన్మెంట్. దానికి ఉత్తరాన బొల్లారం. ఇప్పటి రాష్ట్రపతి నిలయం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్ బంగ్లా. దండు ఉన్నచోటికి దొరల ఆటలు కూడా వచ్చినయి. పోలోకు గుర్రం కావాలె. క్రికెట్‌కు బ్యాటు, ప్యాడ్లు, క్లబ్బులో పేరు కావాలె. ఫుట్‌బాల్‌కు ఒక బంతి, ఇంత ఖాళీ జాగ ఉంటే చాలు. అందుకే బస్తీ పిల్లలకు అందిన ఆట అదే.

బొల్లారం రైలు దారిలోనే అమ్ముగూడ ఉంది. తులసీదాస్ బలరాం అక్కడి పిల్లగాడే. 1936లో పుట్టిండు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలో తయారై 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో చేరిండు. ఆ ఏడు మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్ కొట్టిండు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నడు. ఆరోగ్యం దెబ్బతిని ముప్పై ఏండ్లు కూడా నిండకముందే ఆట ఆపేసిండు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపి చెప్పేవాళ్లు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, బలరాంకు రాలేదు. 2023 ఫిబ్రవరిలో పోయిండు. రహీం మీద తీసిన ‘మైదాన్’ సినిమా మరుసటేడు థియేటర్లకు వచ్చింది.

ఎంత బాగా ఆడినా పేరు దానంతట అది నిలబడదు. దాన్ని రాసేటోడు ఉండాలె.

అట్ల రాసినవాళ్లలో రామచంద్ర గుహ ఒకరు. ఆయన చదువు దారి మన పిల్లలు తప్పక తెలుసుకోవాలె. ఆయన పరిశోధన మొదలైంది క్రికెట్‌తో కాదు, అడవితో. హిమాలయాల్లో అడవి మీద హక్కు కోసం రైతులు చేసిన పోరాటాలు, చిప్కో ఉద్యమం మీద డాక్టరేట్ చేసిండు. ఆ పుస్తకం 1989లో వచ్చింది. పదేండ్లకు, గోండుల మధ్య బతికిన వెరియర్ ఎల్విన్ జీవిత చరిత్ర రాసిండు. తర్వాత 2002లో భారత క్రికెట్ సామాజిక చరిత్ర వచ్చింది. అడవి మీద పెత్తనం ఎవరిది అని అడిగిన మనిషే మైదానం మీద పెత్తనం ఎవరిది అని అడిగిండు. ప్రశ్న ఒక్కటే, జాగ మారింది.

ఆ క్రికెట్ పుస్తకంలో పెద్ద పాత్ర పల్వంకర్ బాలూది. చమార్ కులంలో పుట్టి, పుణెలో దొరల క్లబ్బులో పిచ్ పని చేసుకుంటూ, నెట్స్‌లో వాళ్లకు బంతులేసుకుంటూ గొప్ప స్పిన్నర్ అయిండు. హిందూ జట్టుకు ఆయన వికెట్లు కావాలె, కానీ టీ మాత్రం పెవిలియన్ బయట, వేరే కప్పులో. 1911లో ఇంగ్లండ్ టూర్‌లో వందకు పైగా వికెట్లు తీసిండు. అయినా జట్టు కెప్టెన్ చెయ్యలేదు. తర్వాత 1923లో తమ్ముడు విఠల్ ఆ కుర్చీ ఎక్కిండు. ఇదే బాలూ 1937 ఎన్నికల్లో అంబేడ్కర్ మీద నిలబడి ఓడిపోయిండు. చరిత్రకారుడు ఈ చిక్కు ముడిని కూడా దాచిపెట్టలేదు. మనోళ్ల గురించి రాసేటప్పుడు మనం నేర్చుకోవాల్సింది ఇదే. పొగడ్త వేరు, చరిత్ర వేరు.

ఇక మన జైపాల్ సింగ్ ముండా. 1928 ఆమ్‌స్టర్‌డ్యామ్ ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన హాకీ జట్టు కెప్టెన్. తర్వాత ఆదివాసీ మహాసభ అధ్యక్షుడు, రాజ్యాంగ సభలో మన గొంతు. స్వతంత్ర భారత చరిత్ర రాసినప్పుడు గుహ ఆయనకు చోటిచ్చిండు. మనలో ఎంతమందికి ధ్యాన్‌చంద్ తెలుసు, ఎంతమందికి జైపాల్ తెలుసు? ఒకసారి ఆలోచించండి.

తెలంగాణలో మన గురించి మొదట పెద్దగా రాసింది హైమెండార్ఫ్. 1940లలో చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజ్‌గోండుల మీద పుస్తకాలు తెచ్చిండు. ఆయన మేలు మనం మరువలేం, మార్లవాయి ఇప్పటికీ మరువలేదు. కానీ ఎప్పటికీ బయటివాళ్లే వచ్చి మన గురించి రాయాల్నా? 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ పదమూడేండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె పేరు నిలిచింది. మరి మన గూడేల్లో, తండాల్లో కబడ్డీ, వాలీబాల్, విలువిద్య ఆడి మర్చిపోబడ్డవాళ్ల సంగతి?

అందుకే మేం అడిగేది ఒక్కటే. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊళ్లో ఒక పాత ఆటగాడి దగ్గర, లేదా ఒక ఆటగత్తె దగ్గర కూర్చోండి. ఎవరు నేర్పిండ్రు? బూట్లు ఎవరు కొనిచ్చిండ్రు? టోర్నమెంట్‌కు పోతే ఎక్కడ పడుకున్నరు, ఎవరి పక్కన కూర్చొని తిన్నరు? ఎందుకు ఆపేసిండ్రు? పాత సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో ఉంటే ఫోన్‌లో ఫోటో తీసుకోండి, వెనకాల పేర్లు ఉంటే అవి కూడా. వాళ్లు ఒప్పుకుంటేనే రాయండి. గోండి, లంబాడీ, కోయ, ఏ భాషలో చెప్పితే ఆ మాటలే ముందు రాసుకోండి, తెలుగు తర్వాత చేసుకోవచ్చు.

పీజీ, పీహెచ్‌డీ చేసే అన్నలు, అక్కలు టాపిక్ దొరకట్లేదని అంటుంటరు. టాపిక్ మన ఊరి గ్రౌండ్‌లోనే ఉంది. పెద్దోళ్లు ఉన్నప్పుడే అడుగుదాం.

జోహార్.