బ్యాటరీ ఎవరిది? ఎలక్ట్రిక్ కారు పాత లెక్క

ఈ రోజు కారు రివ్యూ లేదు, టెస్ట్ డ్రైవ్ లేదు. హిస్టరీ చెప్తాను. కానీ ఈ హిస్టరీ మీ జేబుకి సంబంధించింది, కాబట్టి స్కిప్ చేయకండి.

నాతో పాటు పాత కంపెనీలో పనిచేసిన ఫ్రెండ్ ఒకడు మొన్న ఫోన్ చేశాడు. "రేయ్, ఈవీ చూడ్డానికి వెళ్తే రెండు రేట్లు చెప్తున్నారు. బ్యాటరీతో ఒకటి, బ్యాటరీ లేకుండా ఒకటి. బ్యాటరీ లేని కారు నేనేం చేసుకోవాలిరా?" అన్నాడు. వాడు చూసింది ఎంజీ విండ్సర్. 2024 సెప్టెంబర్‌లో ఆ కారు వచ్చినప్పుడు 9.99 లక్షల నుంచి రేటు, దాని మీద బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దె అన్నారు. బ్యాటరీ కూడా మనదే కావాలంటే 13.50 లక్షల నుంచి. అప్పుడు అందరూ దీన్ని భలే కొత్త ఐడియా అన్నారు. అమెరికాలో ఒక కరెంటు కంపెనీ సరిగ్గా ఇదే పని 1910లలో చేసింది. ఎందుకు చేయాల్సి వచ్చిందో తెలిస్తే, ఈ రోజు షోరూమ్‌లో ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

ముందు ఒక చిన్న విషయం. మీరు సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మొదట ఏం అడుగుతారు? బ్యాటరీ హెల్త్ ఎంత, స్క్రీన్‌షాట్ పెట్టు అంటారు. ఎందుకంటే ఫోన్‌లో మిగతావన్నీ బాగానే ఉన్నా, బ్యాటరీ మాత్రం వాడినా వాడకపోయినా ముసలిదవుతూ ఉంటుంది. ఎలక్ట్రిక్ కారు కూడా అంతే, కాకపోతే ఇక్కడ ఆ ముసలయ్యే వస్తువు ఖరీదు లక్షల్లో ఉంటుంది. పెట్రోల్ కారు కొంటే ఇంధనం ఖర్చు రోజూ కొంచెం కొంచెం కడతాం. ఎలక్ట్రిక్ కారు కొంటే ఆ ఖర్చులో పెద్ద ముక్కని మొదటి రోజే బ్యాటరీ రూపంలో కట్టేస్తాం. తర్వాత అది ఎంతకాలం వస్తుందో అన్న టెన్షన్ మనది. ఆ టెన్షన్ ఎవరు మోయాలి? ఈవీ చరిత్ర మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది అంటాను నేను.

1900 ప్రాంతానికి వెళ్దాం. అప్పటికి అమెరికా రోడ్ల మీద మూడు రకాల కార్లు ఉన్నాయి: ఆవిరివి, కరెంటువి, పెట్రోల్‌వి. ఆ ఏడాది అక్కడ తయారైన దాదాపు 4,200 కార్లలో పెట్రోల్ కార్లు వెయ్యి కూడా లేవు. కరెంటువి 1,500 పైనే. అంటే అప్పటికి పెట్రోల్‌ది మూడో స్థానం. పెట్రోల్ కారు స్టార్ట్ చేయాలంటే ముందుకెళ్లి ఇనప హ్యాండిల్ పట్టుకుని తిప్పాలి. ఇంజిన్ వెనక్కి తన్నిందంటే చెయ్యి విరిగేది. కరెంటు కారులో కూర్చుని లివర్ తోస్తే చాలు. పొగ లేదు, వాసన లేదు, చప్పుడు లేదు.

మరి ఓడిపోయిందెందుకు? చాలామంది "రేంజ్ తక్కువ కాబట్టి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకది సగం సమాధానమే అనిపిస్తుంది. సిటీలో తిరిగేవాళ్లకి ఆ రేంజ్ సరిపోయేది. అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో ట్యాక్సీలు చూపిస్తాయి.

1897లో లండన్‌లో వాల్టర్ బెర్సీ అనే ఇంజినీర్ ఎలక్ట్రిక్ క్యాబ్‌లు దించాడు. అదే ఏడాది న్యూయార్క్‌లో కూడా ఎలక్ట్రిక్ క్యాబ్‌లు మొదలయ్యాయి. న్యూయార్క్ వాళ్ల డిపో గురించి చదివితే మతిపోతుంది. బండి లోపలికి రాగానే, దాదాపు అర టన్ను బరువున్న బ్యాటరీ పెట్టెను యంత్రంతో లాగేసి, చార్జ్ అయిన పెట్టెను తోసేసేవాళ్లు. ఈ రోజు మనం బ్యాటరీ స్వాపింగ్ అంటున్నది అదే. అయినా లండన్ క్యాబ్‌లు 1899కల్లా ఆగిపోయాయి. న్యూయార్క్ కంపెనీ పెద్దదై, ఎలక్ట్రిక్ వెహికల్ కంపెనీగా మారి, 1907లో దివాలా తీసింది. దాని వెనక రకరకాల కారణాలున్నాయి, షేర్ల గొడవలు, పేటెంట్ కేసులు కూడా. రోజువారీ నొప్పి మాత్రం బ్యాటరీతోనే. అవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. మన ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉంటుంది చూడండి, నాన్న నెలకోసారి టార్చ్ పట్టుకుని డిస్టిల్డ్ వాటర్ పోస్తుంటారు, ఆ జాతి. దాన్ని కదలకుండా మూల పెడితేనే మూడు నాలుగేళ్లు వస్తే గొప్ప. అలాంటిది గుంతల రోడ్డు మీద, చెక్క చక్రాల బండిలో రోజంతా ఎగరేస్తే లోపలి సీసం పలకలు రాలిపోకుండా ఉంటాయా?

ఎడిసన్ ఇక్కడే దిగాడు. సీసం వద్దు, నికెల్, ఇనుముతో చేస్తానన్నాడు. మొదటి బ్యాటరీలు లీకయ్యాయి, 1904లో అమ్మకం ఆపేశాడు. మళ్లీ కూర్చుని, 1909కల్లా గట్టిది తయారుచేశాడు. అది నిజంగానే చాలా ఏళ్లు వచ్చేది. కానీ ఖరీదెక్కువ. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే పేరున్న కారుకి ఎడిసన్ బ్యాటరీ కావాలంటే 600 డాలర్ల దాకా అదనం. 1912లో ఒక పెట్రోల్ కారు 650 డాలర్లకే వచ్చేది. అంటే బ్యాటరీ మార్చుకునే డబ్బుకి ఎదుటివాడు ఇంచుమించు కారే కొనుక్కుంటున్నాడు. ఎలక్ట్రిక్ రోడ్‌స్టర్ ధరేమో 1,750 డాలర్లు. హెన్రీ ఫోర్డ్ ఊరందరికీ పెట్రోల్ కార్లు అమ్ముతుంటే, ఆయన భార్య క్లారా మాత్రం డెట్రాయిట్ ఎలక్ట్రిక్ నడిపేది. ఆమెకేం, ఇంట్లో డబ్బుంది, కరెంటూ ఉంది.

కరెంటు అన్నాను కదా, అది రెండో సమస్య. ఇంటికి వచ్చేది ఏసీ, బ్యాటరీకి కావాల్సింది డీసీ. ఈ రోజు ఆ పని కారు లోపలే జరిగిపోతుంది. అప్పట్లో గ్యారేజీలో మెర్క్యురీ ఆర్క్ రెక్టిఫయర్ అనే పెద్ద గాజు బల్బు పెట్టుకోవాలి, పాదరసం మెరుస్తూ ఉంటుంది దాంట్లో. యూట్యూబ్‌లో దొరుకుతుంది, చూడండి, సినిమా సైంటిస్ట్ ల్యాబ్‌లా ఉంటుంది. 1925 నాటికి కూడా అమెరికాలో సగం ఇళ్లకే కరెంటు ఉంది. పల్లెల్లో ఇంకా ఘోరం. పెట్రోల్‌కి ఆ బాధ లేదు. కిరాణా కొట్టులో డబ్బాతో దొరికినా చాలు. ఇక 1912లో క్యాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టాడు, హ్యాండిల్ తిప్పే బాధ పోయింది. గమ్మత్తేంటంటే, ఆ స్టార్టర్ కూడా ఒక చిన్న బ్యాటరీ, ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారే.

ఇప్పుడు అసలు కథ. కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ అని ఒక ఊరు. అక్కడి హార్ట్‌ఫర్డ్ ఎలక్ట్రిక్ లైట్ కంపెనీ వేరేలా ఆలోచించింది. కరెంటు కంపెనీల బాధ ఏంటంటే, సాయంత్రం అందరూ లైట్లేస్తారు, రాత్రి మాత్రం మెషీన్లు ఊరికే ఉంటాయి. రాత్రి కరెంటు కొనేవాడు కావాలి. ట్రక్కు ఓనర్లని అడిగితే బ్యాటరీ భయం అంటున్నారు. సరే, ఆ భయం మాకివ్వండి అన్నారు వీళ్లు. మీరు జనరల్ వెహికల్ కంపెనీ ట్రక్కుని బ్యాటరీ లేకుండా కొనుక్కోండి. బ్యాటరీ మాది. చార్జ్ అయిపోతే మా దగ్గర మార్చుకోండి. నెలకి కొంత ఫీజు, ఆ పైన తిరిగిన మైలుకి ఇంత. 1910 నుంచి 1924 దాకా నడిచింది ఆ స్కీమ్. ఆ బండ్లన్నీ కలిపి 60 లక్షల మైళ్లు తిరిగాయి, మన లెక్కలో 96 లక్షల కిలోమీటర్లు. ఎందుకు నడిచింది? బ్యాటరీ గురించి తెలిసినవాడి చేతిలోనే బ్యాటరీ ఉంది. పాడైతే నష్టం వాడిది, కాబట్టి జాగ్రత్తగా చూసుకుంటాడు. ట్రక్కులు రోజూ తెలిసిన దారుల్లోనే తిరిగి సాయంత్రానికి ఊళ్లోకే వస్తాయి. అందుకే ఇది ట్రక్కులతో కుదిరింది, సొంత కార్లకి అంత తేలిక కాదు.

మన దేశానికి వద్దాం. బెంగళూరులో చేతన్ మైనీ టీమ్ చేసిన రేవా 2001లో వచ్చింది. గుర్తుందా, బొమ్మ కారులా ఉండేది. 48 వోల్టులు, ఎనిమిది లెడ్ యాసిడ్ బ్యాటరీలు, కంపెనీ చెప్పిన రేంజ్ 80 కిలోమీటర్లు, మామూలు 15 ఆంప్స్ సాకెట్‌లో చార్జింగ్. ఇక్కడ పెద్దగా అమ్ముడుపోలేదు. లండన్‌లో మాత్రం జీ-విజ్ అనే పేరుతో బాగానే పోయింది. కారణం కారు గొప్పతనం కాదు. 2003 ఫిబ్రవరి నుంచి లండన్ సెంటర్‌లోకి కారు తెస్తే రోజుకి 5 పౌండ్లు కట్టాల్సి వచ్చేది, ఎలక్ట్రిక్ అయితే అప్పట్లో అక్కర్లేదు. అక్కడి జనం లెక్కేసుకుని కొన్నారు. ఇంకో విచిత్రం చెప్పనా? అప్పటి యూరప్ చట్టం ప్రకారం రేవా కారు కాదు, క్వాడ్రిసైకిల్. ఆ కేటగిరీలో ఉండాలంటే బండి బరువు 400 కిలోలు దాటకూడదనేది అప్పటి రూల్. ఎలక్ట్రిక్ అయితే ఆ 400లో బ్యాటరీ బరువు కలిపేవాళ్లు కాదు. బ్యాటరీ వేరు, బండి వేరు అని చట్టమే ఒప్పుకుందన్నమాట.

2010లో మహీంద్రా రేవాని తీసుకుంది. 2013లో లిథియం బ్యాటరీతో ఈ2ఓ వచ్చింది. జనం రేటు చూసి వెనక్కి తగ్గితే, 2014లో మహీంద్రా ఏం చేసిందో తెలుసా? కారు ధర తగ్గించి, బ్యాటరీకి నెలకి 2,599 రూపాయల ఫీజు పెట్టింది. ఎక్కడో విన్నట్టు ఉందా? విండ్సర్ కంటే పదేళ్ల ముందు! సరిగ్గా ఆ ముందు ఏడాదే ఇజ్రాయెల్‌లో బెటర్ ప్లేస్ అనే కంపెనీ బ్యాటరీ స్వాపింగ్ స్టేషన్లు కట్టి దివాలా తీసింది. స్టేషన్లు కట్టేశారు, కార్లే రాలేదు. యూరప్‌లో రెనో జోయీ కార్లు అద్దె బ్యాటరీతో అమ్మారు. కొన్నాళ్లకి సెకండ్ హ్యాండ్‌లో అమ్మబోతే తలనొప్పి: కారు కొనేవాడు పాత యజమాని బ్యాటరీ అద్దెని కూడా నెత్తిన పెట్టుకోవాలి.

ఇప్పుడు మా ఫ్రెండ్ లెక్క చేద్దాం. విండ్సర్ లాంచ్ రేట్లే తీసుకుంటాను. బ్యాటరీకి తేడా 3.51 లక్షలు. కిలోమీటరుకి మూడున్నర అద్దెతో భాగిస్తే లక్ష కిలోమీటర్లు. వడ్డీ సంగతి పక్కన పెడితే, లక్ష కిలోమీటర్ల లోపు కారు వదిలేసేవాడికి అద్దె మేలు, దాటేవాడికి సొంతం మేలు. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే లక్షకి ఎనిమిదేళ్లు దాటుతుంది. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే క్యాబ్ అన్నకి మూడేళ్లు కూడా పట్టదు. ఫైనాన్స్ కాగితాల్లో నెలకి కనీసం ఇన్ని కిలోమీటర్లు అనే షరతు ఉందేమో చూడండి, ఉంటే బండి ఇంట్లో ఉన్నా అద్దె పడుతుంది. సొంతంగా కొంటుంటే వారంటీ రెండో యజమానికి ఎంతవరకు వర్తిస్తుందో అడగండి. "లైఫ్‌టైమ్" అనే మాట చాలా చోట్ల మొదటి యజమానికే.

కరెంటు లెక్క: యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు వస్తుందనుకుందాం. ఇంట్లో యూనిట్ 8 రూపాయలైతే కిలోమీటరుకి రూపాయి పదిహేను పైసలు. అద్దె కలిపితే 4.65. పెట్రోల్ లీటరు 107, మైలేజ్ 15 అనుకుంటే కిలోమీటరుకి ఏడు రూపాయల పైన. మిగులు రెండున్నర దాకా, బాగానే ఉంది. కానీ మా వాడుండేది కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్. కింద పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్‌కి అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు. బయట ఫాస్ట్ చార్జర్‌లో యూనిట్ 20 రూపాయలనుకుంటే, కిలోమీటరుకి 2.85 అవుతుంది, అద్దెతో కలిపి 6.35. పెట్రోల్‌తో తేడా డెబ్బై ఎనభై పైసలు. అంటే వాడు ముందు మాట్లాడాల్సింది షోరూమ్ వాళ్లతో కాదు, అసోసియేషన్ సెక్రటరీతో. తెలంగాణలో ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ప్రకటించారు కాబట్టి, ఆ సెక్రటరీ దగ్గరికి కొంచెం తొందరగా వెళ్లమన్నాను.