దిక్సూచి వాడటం నేర్చుకుందాం

కొండల్లో దారి తప్పి, ఫోన్ చార్జింగ్ కూడా అయిపోతే దిక్సూచే మనకు దిక్కు. దాని సూదికి ఎర్ర కొన చూపేది ఉత్తరం.

వాడే పద్ధతి: దిక్సూచిని అరచేతిలో సమంగా పట్టుకుని, బాణం గుర్తును వెళ్లాల్సిన చోటుకి గురిపెట్టండి. డిగ్రీల చక్రం తిప్పి, ఉత్తరం గుర్తును ఎర్ర కొన కిందికి తెండి. బాణం దగ్గర కనిపించే అంకెను బయలుదేరే ముందే రాసుకోవాలి.

తిరుగు దారి: ఆ అంకెకు 180 కలపాలి, అది 180 కంటే ఎక్కువైతే 180 తీసేయాలి. 60 డిగ్రీల్లో వెళ్తే 240లో తిరిగి రావాలి.

జాగ్రత్త: ఫోన్, ఇనుప సామాన్లు, కరెంటు తీగలు దగ్గరుంటే సూది తప్పు చూపిస్తుంది.

తల్లిదండ్రులారా, ఆదివారం పిల్లలతో మైదానంలో వంద అడుగులు వెళ్లి, తిరిగొచ్చి ఈ లెక్క సరిచూడండి. దారి తప్పాక నేర్చుకునే విద్య కాదిది.