చుక్కల మధ్య గీతలు

అమెరికాలో చదువుకున్న మా తరంవాళ్ళకి 'స్కిట్' అన్న మాట గుర్తుండే ఉంటుంది. సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అన్న యూజ్‌నెట్ గుంపుకి మేం పెట్టుకున్న ముద్దుపేరు అది. నేను 1994లో ఎమ్మెస్ చదవడానికి వెళ్ళాను. రాత్రి పదకొండు దాటాక లాబులో కూచుని, గోంగూర పచ్చడి దగ్గర్నించి ఛందస్సు దాకా అక్కడ జరిగే వాదాలన్నీ చదివేవాణ్ణి. తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే. 'ఏ' అక్షరం చిన్నది రాస్తే 'అ', పెద్దది రాస్తే 'ఆ'. పెద్ద 'ఎన్' అయితే 'ణ'. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉండగా కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు తయారుచేసిన పద్ధతి ఇది. వాళ్ళే రాసిన 'రిట్' అనే ప్రోగ్రాము ఆ రాతని తెలుగు లిపిలోకి మార్చి ఇచ్చేది.

అప్పట్లో నేను పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ గుంపుకి ఇల్లంటూ ఎక్కడా లేదు. యూజ్‌నెట్ ఆలోచన 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకి వచ్చింది. మొదట్లో ఒక కంప్యూటరు పొరుగు కంప్యూటరుకి ఫోను చేసి, తన దగ్గరున్న కొత్త ఉత్తరాలు ఇచ్చి, దాని దగ్గరున్నవి పుచ్చుకునేది. అది మళ్ళీ తన పొరుగుకి. ఊరినించి ఊరికి కబురు పాకినట్టే. ప్రతి చోటా ఒక నకలు మిగిలేది. 2010 మే 20న డ్యూక్ వాళ్ళు తమ యూజ్‌నెట్ సర్వరు ఆపేశారు. పుట్టిల్లు మూసేసినా యూజ్‌నెట్ మాత్రం ఆగలేదు.

ఆ తర్వాత మన కబుర్లన్నీ కంపెనీల ఇళ్ళలోకి మారాయి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న. ఇంటివాడు తలుపేస్తే అద్దెకున్నవాళ్ళు సామాను ఎత్తుకోవాల్సిందే కదా.

నేను ఈ జిండెల్ఫింగెన్‌కి 2001లో వచ్చాను. అంతకు ముందు ఏడాది ఆగస్టు 1న జర్మనీ ప్రభుత్వం 20,000 మంది కంప్యూటరు నిపుణుల కోసం మొదలుపెట్టిన 'గ్రీన్ కార్డు' మీద. ఈ ఊరి పేరు చెబితే అందరికీ మెర్సిడెస్ కార్ల ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. కార్లతో పాటు ఇక్కడ కంప్యూటర్లకీ పెద్ద చరిత్ర ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

2016లో యేనా పట్నం కుర్రాడు ఒయ్‌గెన్ రోచ్కో 'మాస్టొడాన్' విడుదల చేశాడు. ఎవరి సర్వరు వాళ్ళు పెట్టుకోవచ్చు, ఒక సర్వరు వాళ్ళు ఇంకో సర్వరు వాళ్ళతో మాట్లాడుకోవచ్చు. 2018 జనవరిలో 'యాక్టివిటీపబ్' అన్న ఉమ్మడి భాషని వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. చూడగానే నాకు స్కిట్ రోజులు గుర్తొచ్చాయి. బోబ్లింగెన్‌లో ఉండే ఒక మిత్రుడూ నేనూ కలిసి, శని ఆదివారాల్లో అదే భాష మాట్లాడే ఓ బుల్లి సాఫ్టువేరు రాశాం. మా ఇంటి నేలమాళిగలో ఒక సర్వరు, వాళ్ళింట్లో ఒక సర్వరు. చుట్టుపక్కల డజను తెలుగు కుటుంబాలు చేరాయి. పిల్లల తెలుగు బడి కబుర్లు, ఏ కొట్లో కరివేపాకు దొరుకుతోంది, ఇలాంటివే.

అక్కడితో ఆగితే బాగుండేది. నాకు బొమ్మల పిచ్చి.

నెట్‌వర్కుని బొమ్మగా చూడాలన్న సరదా పాతదే. 1980లలో బ్రయన్ రీడ్ యూజ్‌నెట్ ఎక్కడెక్కడ పారుతోందో మేపులు గీశాడు. తర్వాత మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో మార్క్ స్మిత్ అనే సమాజ శాస్త్రవేత్త 'నెట్‌స్కాన్' కట్టి, ఏ గుంపు ఎంత పెద్దది, ఎవరు ఎవరికి జవాబిస్తున్నారు అన్నది రంగుల గడులుగా, గీతలుగా చూపించాడు. నేను చేసింది అందులో వెయ్యోవంతు. మనిషికో చుక్క. ఒకరు ఇంకొకరికి జవాబిస్తే మధ్యన గీత. చుక్కలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, గీతలు స్ప్రింగుల్లా దగ్గరికి లాగుతాయి. 1984లో పీటర్ ఈడ్స్ చెప్పిన ఉపాయమే ఇది. కాసేపు కదిలి కదిలి, చివరికి ఓ మెలికల ముగ్గులా కుదురుకుంటుంది. గీతలు ఎక్కువున్నవాళ్ళు నడిమధ్యకి, లేనివాళ్ళు అంచుకి.

2019 ఉగాదికి అద్దెకి తీసుకున్న హాల్లో, పులిహోర తినడం అయ్యాక, ఆ ముగ్గుని గోడ మీద వేసి చూపించాను, పేర్లతో సహా. పిల్లలు కేరింతలు కొట్టారు. మా సర్వరులో ఒక పెద్దావిడ ఉండేవారు. కొడుకు దగ్గర ఉండడానికి కోనసీమ నించి వచ్చారు. అందరికీ పిన్నిగారే. వాళ్ళ ఊరి వరదలు, లంకల్లో కొబ్బరి దింపులు, అత్తగారి సామెతలు, ఇలా రోజూ ఏదో ఒకటి రాసేవారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని అడిగారు:

"ఆ మూలకి ఒంటరిగా ఉన్న చుక్క ఎవరు బాబూ?"

ఆవిడదే. పేరు పక్కనే ఉంది. ఆవిడా చదివే ఉంటారు. నేను ఏదో గొణిగి, తర్వాతి బొమ్మ వేశాను. ఆ మర్నాటి నించి ఆవిడ రాయడం మానేశారు.

ఆ వారం ఇద్దరు ముగ్గురు తల్లులు నన్ను అడిగారు, పిన్నిగారి కథ ఇవాళ రాలేదేమని. పిల్లలకి రాత్రి పడుకునే ముందు అవే చదివి వినిపిస్తున్నారట. అంత పెద్దావిడకి ఏం జవాబు రాస్తాం అని ఎవరూ రాయలేదు. నా ప్రోగ్రాము జవాబుల్ని లెక్కపెట్టింది. చదవడాన్ని లెక్కపెట్టడం దానికి నేను నేర్పలేదు.

నాకు గట్టిగా తగిలింది మాత్రం మా పక్కింటి జర్మను పెద్దాయన అన్న మాట. ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీరు. సంగతి విని, "వాళ్ళ అనుమతి అడిగావా?" అన్నాడు. లేదన్నాను. అప్పుడు చెప్పాడు, 1983లో పశ్చిమ జర్మనీలో జనాభా లెక్కలకి జనం ఎలా ఎదురు తిరిగారో. ఆ ఏడాది డిసెంబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో, తన వివరాలు ఎవరికి ఎంత తెలియాలో నిర్ణయించుకునే హక్కు మనిషికే ఉందన్నది ఇక్కడ చట్టమైంది. లెక్కలు చివరికి 1987లో జరిగాయి, అప్పుడూ బహిష్కరణ పిలుపుల మధ్యనే.

అంత భయం ఎందుకో తెలియాలంటే ఈ ఊరి రెండో చరిత్ర చూడాలి. చిల్లుల కార్డుల యంత్రాలు చేసే 'డేహోమాగ్' అనే కంపెనీకి జిండెల్ఫింగెన్‌లో ఫ్యాక్టరీ ఉండేది. అమెరికా ఐబీఎమ్‌కి జర్మను శాఖ అది. 1949లో పేరు ఐబీఎమ్ జర్మనీగా మారింది. హిట్లరు కాలంలో జనాభా లెక్కలు ఆ కంపెనీ యంత్రాల మీదే తేల్చారు. 1939 లెక్కల్లో తాతలూ అమ్మమ్మలూ నానమ్మల్లో యూదులెవరో రాసి ఇమ్మని ఒక అదనపు కార్డు ఇంటింటికీ పంచారు. మనుషుల్ని పట్టుకుపోవడానికి ఆ లెక్కలు ఎంతవరకు ఉపయోగపడ్డాయన్న దాని మీద చరిత్రకారుల్లో వాదన ఉంది. కానీ ఈ ఊళ్ళో పెరిగిన పెద్దాయనకి, మనుషుల పేర్లు రాసి పట్టిక కట్టడం అంటే ఉట్టి సరదా కాదు. నా ఉగాది ముగ్గునీ దాన్నీ ఒక గాట కట్టడం లేదు, అలా కడితే అతిశయం. కానీ ఆయన అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

సర్వర్లని విడదీసి గొప్ప పని చేశామని మురిసిపోయాం గానీ, అందరినీ ఒక్కచోట కూచుని చూసే కన్ను నా దగ్గరే పెట్టుకున్నాను. స్కిట్‌లో అలాంటి కన్ను మాకెవరికీ ఉండేది కాదు. అంచేత ఆ ప్రోగ్రాము మార్చాం. ఇప్పుడు ఎవరి కంప్యూటరులో వాళ్ళకి, తమ చుక్కా, దాన్ని నేరుగా తాకే గీతలూ మాత్రమే కనిపిస్తాయి. మొత్తం బొమ్మ ఎవరికీ రాదు, నాకు కూడా. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి మునుపటంత అందంగా లేదు.

పిన్నిగారింటికి వెళ్ళి క్షమించమన్నాను. "నీకు తెలీక చేశావులే. చదివారా లేదా అన్నదే నాకు కావలసింది. నీ బొమ్మ ఆ సంగతి చెప్పలేదుగా," అన్నారు. కాఫీ ఇచ్చారు. రాయడం మాత్రం దసరా దాకా మొదలెట్టలేదు.

2021లో మా నేలమాళిగ సర్వరు డిస్కు పోయింది. బేకప్ తీస్తున్నాననుకున్నది ఎనిమిది నెలల కిందటే ఆగిపోయిందని అప్పుడు చూసుకున్నాను. సొంత ఇల్లంటే పైకప్పు కూడా మనమే కప్పుకోవాలి, ఇది ముందే తెలియాల్సింది. ఆ ఎనిమిది నెలల రాతల్లో ఏం దొరుకుతాయా అని బోబ్లింగెన్ సర్వరు వెతికాం. యాక్టివిటీపబ్‌లో, అవతలి సర్వరు వాళ్ళు ఎవరైనా మిమ్మల్ని అనుసరిస్తూ ఉంటే, మీరు రాసిందాని నకలు అక్కడికి వెళుతుంది. వాళ్ళు జవాబివ్వనక్కర్లేదు. ఉగాది ముగ్గులో నడిమధ్యన ఉన్నవాళ్ళ కబుర్లు, ముఖ్యంగా నావి, చాలామట్టుకు పోయాయి. మేమంతా ఈ సర్వరులోనే ఒకరికొకరు రాసుకున్నవాళ్ళం. పిన్నిగారివి అన్నీ ఉన్నాయి. బోబ్లింగెన్ వైపు కుటుంబాలన్నీ ఆవిణ్ణి అనుసరిస్తున్నాయి.

ఆ ఏడు దీపావళికి వాటిని, మొదటి రోజుల రాతలతో కలిపి అచ్చుతీసి, స్పైరల్ బైండింగు చేయించి ఇచ్చాం. వారం తర్వాత పుస్తకం నాకు తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో అచ్చుతప్పులు దిద్ది. 'లంక' అని ఉండాల్సిన చోట మూడుసార్లు 'లంఖ' పడిందట.