తోమే ఎరుపు

పాసడీనా, కాలిఫోర్నియా. సంవత్సరం 1947. కాల్టెక్ ఆప్టికల్ షాపులో అడుగుపెట్టాలంటే ముందు మీ బట్టలు మార్చుకోవాలి. తెల్లటి దుస్తులు, కాన్వాసు బూట్లు. మడత సందులోంచి ఒక్క ఇసుక రేణువు వచ్చి గాజు మీద పడితే గీత ఖాయం.

లోపల 200 అంగుళాల పైరెక్స్ గాజు బిళ్ల నెమ్మదిగా తిరుగుతోంది. 1936లో ఇక్కడికి వచ్చినప్పుడు దాని బరువు 20 టన్నులు. కార్బోరండం అనే గరుకు పొడితో అరగదీస్తే దాదాపు 5 టన్నులు పోయింది. మధ్యలో యుద్ధం వచ్చి పని ఆగింది, మళ్లీ మొదలైంది. పాలమార్ కొండ మీది టెలిస్కోపుకి ఇదే కన్ను కావాలి.

గరుకు పని ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడంతా ఎర్ర పొడిదే రాజ్యం. పేరు రూజ్, సరుకు ఐరన్ ఆక్సైడ్. అన్నభేదిని బాగా కాలిస్తే మిగిలే పొడి ఇలాంటిదే. అజంతా గోడల మీది ఎరుపులోనూ, మన పాత ఇళ్ల ఎర్ర గచ్చులోనూ ఉన్నది ఇదే. నీళ్లలో కలిపిన రూజ్, పనిముట్టు అడుగున గళ్లుగళ్లుగా అతికించిన తారులాంటి కీలుకీ గాజుకీ మధ్య చేరుతుంది. తగిలిన చోటల్లా మరక. అయినా దాని కింద గాజు మాత్రం తేటపడుతోంది.

కార్బోరండం గాజును చిన్న చిన్న పెచ్చులుగా లేపుతుంది, అందుకే మసక మిగులుతుంది. రూజ్ గాజు కన్నా గట్టిదేమీ కాదు. నీళ్లకు మెత్తబడిన పైపొరను కొద్దికొద్దిగా లాగేస్తుంది, అంతే.

యంత్రం ఆగింది. గాజు కడిగారు.

“చూద్దామా?” అంటారు మీరు.

అప్పుడే కాదు. రుద్దుడికి గాజు వేడెక్కి ఉంది. వేడికి ఉబ్బిన చోటు నిజమైన ఎత్తులాగే కనిపించి మోసం చేస్తుంది. చల్లారేదాకా ఆగాలి.

తర్వాత అద్దాన్ని నిలబెడతారు. దాదాపు 111 అడుగుల దూరంలో సూదిబెజ్జమంత వెలుగు, దాని పక్కన పదునైన బ్లేడు. అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగుకి బ్లేడు అడ్డం జరిగేసరికి నున్నటి అద్దం మీద మెరకలూ పల్లాలూ నీడలుగా లేస్తాయి. కావలసిన కచ్చితత్వం అంగుళాన్ని పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండు.

అంచు దగ్గర ఇంకా కాస్త మెరక ఉంది. తక్కువ తోమితే మళ్లీ తోమొచ్చు. ఎక్కువ తోమారా, మిగతా అద్దాన్నంతా ఆ లోతుకి దించాల్సిందే. అందుకే మేస్త్రీ చెప్పే సమయం ఎప్పుడూ మీరు అనుకున్నదానికన్నా తక్కువే ఉంటుంది.